బుడన్‌సాబ్ చెప్పని మాట

పెనుకొండ చుట్టుపక్కల ఎవరి మోటరు నీళ్లలో పడినా, ఎవరి మనిషి నీళ్లలో పడినా ముందుగా గుర్తొచ్చే పేరు బుడన్‌సాబ్‌దే. యాభై ఐదేళ్ల మనిషి. బక్కపలచన, నడిస్తే కొంచెం కుంటు. ఏ పెళ్లి పంక్తిలోనో కూర్చుంటే వడ్డించేవాడు కూడా ఆయన్ని దాటేసి పోతాడు. అదే మనిషి వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, మొహానికి అద్దం తగిలించుకుని రిజర్వాయరులోకి దిగాడంటే గట్టు మీద చేరిన జనం నోళ్లు మూతపడతాయి. పేపర్లో స్కూబా డైవర్ అని రాశారు గానీ ఊళ్లో ఆయన పేరు గాలిడబ్బా సాయిబు.

ఈ మధ్య అధికారులు ఈత వచ్చినవాళ్లను నలుగురిని పోగుచేసి ఆయన చేత నేర్పిస్తున్నారు. వరదలొచ్చినప్పుడు, చెరువులో ఎవరైనా పడినప్పుడు పనికొస్తారని. నేర్పడంలో బుడన్‌సాబ్ పద్ధతి ఒకటే. అద్దం, గొట్టం, బెల్టు వీటి ఊసెత్తకముందే అందరినీ వరసగా నిలబెట్టి ఒక మాట చెప్తాడు. "నీళ్లల్లో ఊపిరి ఆపద్దు. పైకొచ్చేటప్పుడు అస్సలు ఆపద్దు." ఒకసారి కాదు, పదిసార్లు. ప్రతివాడి చేతా పైకి అనిపిస్తాడు. గొంతు సరిగ్గా రాకపోతే మళ్లీ అనిపిస్తాడు. ఎంత జాగ్రత్తపరుడో అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటుంటే ఆయన మొహం చేదు మందు మింగినట్టు అవుతుంది. ఎందుకంటే ఈ మాటను చెప్పి తీరాల్సిన చోట ఆయన ఒకసారి చెప్పలేదు. చెప్పనిది తన జతగాడు వెంకటేశులుకు.

వెంకటేశులుది ధర్మవరం. నేతపని ఇల్లు. తాత, తండ్రి, అన్నలు అందరూ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బతికినవాళ్లే. ఈ మనిషికి మాత్రం ఒకచోట కూర్చోవడమంటే ఒళ్లు మంట. ఇరవై ఏళ్లకే ఇల్లు దాటి బావులు మునిగే పనిలో పడ్డాడు. అప్పటికి బుడన్‌సాబ్ పేరు మోసిన మునకగాడు. బావిలో పడిన మోటర్లు తీయడం, అడుగున ఫుట్‌వాల్వులో ఇరుక్కున్న చెత్త తీయడం, అప్పుడప్పుడూ బావిలో పడి చచ్చిపోయిన మనుషుల్ని పైకి తేవడం. ఇద్దరికీ జత కుదిరింది. కుదరడమంటే ఊరికే కుదరలేదు. ఆ పనిలో దానికొక లెక్క ఉంది.

బావిలో దిగేవాడి నడుముకు మోకు కడతారు. ఆ మోకు పట్టుకుని ఒకడు పైన నిలబడతాడు. కిందివాడు మునగ్గానే పైవాడు కూడా దమ్ము బిగబట్టాలి. ఇక తట్టుకోలేననిపించిన క్షణంలో మోకు లాగాలి. గడియారం లేదు, అంకెలు లేవు. పైవాడి దమ్మే కిందివాడికి గడియారం. పైవాడి దమ్ము పొట్టిదైతే పని పూర్తికాకముందే లాగేస్తాడు. పొడుగుదైతే కిందివాడు శవమై వస్తాడు. అందుకే ఇద్దరి దమ్మూ సరిసమానంగా ఉంటేనే జత కడతారు. బుడన్‌సాబ్‌కూ వెంకటేశులుకూ ఒక్క చిటిక తేడా లేకుండా సరిపోయింది. పనయ్యాక పైకి రావడానికి ఇద్దరిదీ ఒకటే పద్ధతి. మూతి బిగించి, అడుగున కాలితో ఒక్క తన్ను తన్ని, బాణంలా పైకి.

వెంకటేశులుకు పెళ్లి కుదిర్చింది కూడా బుడన్‌సాబే. పిల్ల పేరు పద్మావతి, పెనుకొండలో ఆయన ఎదురింటి పిల్ల. పావడాలు కట్టుకునే వయసు నుంచే ఆయన్ని అన్నా అని పిలిచేది. పెళ్లయ్యాక వెంకటేశులుకు బుడన్‌సాబ్ బావ అయిపోయాడు. కొన్నాళ్లకు పద్మావతి అమ్మానాయనా ఒకరి వెనక ఒకరు పోయారు. తోబుట్టువులు లేరు. ఆమెకు పుట్టింటి దిక్కంటూ మిగిలింది బుడన్‌సాబ్ ఒక్కడే. రంజానుకు ఆయన ఇంటి నుంచి ధర్మవరానికి సేమ్యాల డబ్బా పోయేది. ఉగాదికి ఆమె ఇంటి నుంచి పెనుకొండకు ఓళిగలు వచ్చేవి.

తర్వాత బావులెండిపోయాయి. మునగాలంటే నీళ్లుండాలి కదా. ఊరూరా బోర్లు పడ్డాయి, బావుల్లో కంపచెట్లు మొలిచాయి. బుడన్‌సాబ్ మోటర్లకు వైండింగ్ చుట్టుకుంటూ, వెంకటేశులు ఆటో తోలుకుంటూ పదేళ్లు గడిపారు. అప్పుడు కాలవలో కృష్ణ నీళ్లు వచ్చాయి. పెనుకొండ దగ్గరి రిజర్వాయరు నిండింది. యాభై అడుగుల లోతు, చూపు ఆనని వెడల్పు, చేతులు ముందుకు చాపితే వేళ్లు కనపడని బురద నీళ్లు. దానికి దమ్ము చాలదని ఇద్దరికీ మొదటిరోజే అర్థమైంది.

గేటు అడుగున ఏదో అడ్డుపడిందని బెంగుళూరు నుంచి స్కూబా వాళ్లు వచ్చారు. వాళ్లకు నీళ్ల పోకడ తెలిసిన ఊరిమనిషి ఒకడు కావాల్సి వచ్చింది. ఆ వారం వెంకటేశులు అగళిలో చుట్టాల పెళ్లికి పోయి ఉన్నాడు. కాబట్టి బుడన్‌సాబ్‌ను తీసుకున్నారు. అంతే, తేడా అంతమాత్రమే. వెంకటేశులు ఆ పెళ్లికి పోకపోయి ఉంటే ఈ కథ తిరగబడి ఉండేదేమో. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బుడన్‌సాబ్‌కు ఇంకొకటి కూడా తోస్తుంది. తన స్థానంలో వెంకటేశులు ఉంటే ఆ మాట దాచి ఉండేవాడు కాదని.

వాళ్లలో ఆయనకు స్కూబా నేర్పిన అమ్మాయి పేరు హేమావతి. హిందూపురం పిల్ల, పాతికేళ్లుంటాయి. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. చదువు చెప్పడంలో మాత్రం పంతులమ్మ కూడా ఆమె ముందు దిగదుడుపే. మొదటిరోజే ఒక బెలూన్ తీసుకుని నీళ్ల అడుగుకు పోయి, అక్కడ సిలిండరు గాలితో నింపి ముడివేసింది. దాన్ని పట్టుకుని పైకి వస్తుంటే బెలూన్ ఉబ్బుతూ ఉబ్బుతూ వచ్చి, నీళ్ల మీదికి తేలీ తేలగానే టప్పున పగిలింది.

"చూసినారా అంకుల్, కింద పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ పెరుగుతాది. మీరు నోరు మూసుకుని వస్తే మీ ఊపిరితిత్తుల గతి కూడా ఇంతే. బావిలో మీరు పైన పీల్చి కిందికి పోతాండ్రి, దానికేం కాదు. ఇది అట్ల కాదు."

బుడన్‌సాబ్‌కు అర్థమైంది. అర్థం కావడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఇరవై ఏళ్లు దమ్ము పట్టి బతికిన ఒళ్లు. నీళ్లు మొహానికి తగలగానే దానంతటదే బిగుసుకునేది. పైగా సిలిండరులో గాలి కొలతగా ఉంటుందని తెలిసినప్పటి నుంచి ఆయనలోని పిసినారి నిద్రలేచాడు. ఒకసారి పీల్చి, ఆపి, ఇంకొంతసేపు ఆపి, అప్పుడు వదిలేవాడు. మిగతావాళ్లకు ముప్పావుగంట వచ్చే సిలిండరు ఆయనకు గంట దాటి వచ్చింది. గొప్పగా మీటరు చూపిస్తే హేమావతి కళ్లెర్రజేసింది. నడుంలోతు నీళ్లలో నిలబెట్టి, అందరూ వింటుండగా, "ఊపిరి ఆపను" అని యాభైసార్లు అనిపించింది. యాభైకి దగ్గరపడిన మనిషి చిన్నపిల్లాడిలా అన్నాడు. పైకి నవ్వాడు గానీ లోపల మాత్రం చెవులు కాలిపోయాయి.

"మీకు భయం లేదంకుల్, నా భయం అదే," అంది ఆమె.

పని ముగించుకుని పోతూ తన పాత డైవింగ్ సెట్టొకటి ఆయన చేతిలో పెట్టింది. నేర్చుకోనివాళ్ల చేతికి దాన్ని ఇవ్వనని మాట తీసుకుంది. బుడన్‌సాబ్ మాటిచ్చాడు. ఆ మాటిచ్చినప్పుడు అబద్ధమాడాలనే ఉద్దేశం ఆయనకు రవ్వంత కూడా లేదు.

మరుసటి శుక్రవారం బుడన్‌సాబ్ ధర్మవరంలో వెంకటేశులు ఇంటి అరుగు మీద కూర్చుని కోతలు కోశాడు. నీళ్ల అడుగున చేపలు చూసినట్టు చెప్పాడు, గేటు ఇనుము తడిమినట్టు చెప్పాడు, బెంగుళూరు వాళ్లకు ముప్పావుగంట వచ్చే సిలిండరు తనకు గంట దాటినట్టు చెప్పాడు. హేమావతి ఎందుకు తిట్టిందో చెప్పలేదు. యాభైసార్లు అన్న సంగతి అసలే చెప్పలేదు. వెంకటేశులు విని విని మూతి విరిచాడు.

"గాలిడబ్బా కట్టుకోని మునిగేదానికి నువ్వేంటికి బావా, ఎవురైనా మునుగుతారు. మన దమ్ముకేం విలువ ఉండాది ఇంక?"

"పిచ్చోడా, దమ్ము ఉండబట్టే నాకు గంట వచ్చింది. ఆపి ఆపి పీల్చల్ల. దుడ్లు ఖర్చు పెట్టినట్ల చూసి చూసి."

వెంకటేశులు మొహం వెలిగింది. దమ్ముకు విలువ పోలేదన్నమాట. ఆ వెలుగును పోగొట్టడం బుడన్‌సాబ్‌కు ఇష్టం లేకపోయింది. తను కొట్టిన గొప్పను తన నోటితోనే తప్పనడం అంతకన్నా ఇష్టం లేకపోయింది. ఈ రెండింటిలో ఏది పెద్ద కారణమో ఆయన ఎన్నిసార్లు తూచి చూసుకున్నా రెండోదే బరువు తూగుతుంది.

ఏడాది గడిచింది. సెప్టెంబరులో చెన్నేకొత్తపల్లి వైపు రైతు నారాయణస్వామి పరిగెత్తుకుంటూ వచ్చాడు. రిజర్వాయరులో డ్రమ్ముల తెప్ప మీద పెట్టుకున్న మోటరు గాలివానకు తెప్ప తిరగబడి మునిగిపోయింది. పదెకరాల శెనిక్కాయ కాయ ఊరే దశలో ఉంది. ఇంకో నాలుగురోజులు నీళ్లు లేకపోతే కాయ పీచుపడుతుంది. బుడన్‌సాబ్‌కు అప్పుడు జలుబు. ముక్కు మూసుకుపోయి చెవులు దిబ్బళ్లు వేశాయి. అలా దిగితే చెవి పగులుతుందని నేర్పేటప్పుడే హేమావతి చెప్పింది. రెండురోజులు ఆగమన్నాడు. నారాయణస్వామి ఆగే మనిషి కాదు. ధర్మవరం పోయి వెంకటేశులును మోటరు సైకిలు మీద ఎక్కించుకుని వచ్చేశాడు.

"నేను దిగుతా బావా. నువ్వు చెప్పు, నేను చేస్తా. ఎన్ని బావులు మునిగినాము," అన్నాడు వెంకటేశులు. ఆ గొంతులో ఏడాదిగా దాచుకున్న ఆశ ఉంది.

అప్పుడు కాదని ఉండొచ్చు. హేమావతికి మాటిచ్చానని చెప్పి ఉండొచ్చు. కానీ వెంకటేశులు అప్పటికే సిలిండరును చేత్తో తడుముతున్నాడు. బుడన్‌సాబ్ గట్టు మీద కూర్చోబెట్టి అరగంటసేపు చెప్పాడు. గొట్టంలోకి నీళ్లొస్తే ఎలా ఊదేయాలి, అద్దంలోకి నీళ్లొస్తే ఎలా తోసేయాలి, చెవులు పట్టేస్తే ముక్కు మూసి ఎలా ఊదాలి, గాలి మీటరు ఎప్పుడెప్పుడు చూసుకోవాలి. నారాయణస్వామి పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ మాట బుడన్‌సాబ్ నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని చెప్పాలంటే ముందు తను అరుగు మీద కొట్టిన గొప్ప అబద్ధమని చెప్పాలి. యాభైసార్ల సంగతి కూడా బయటపడుతుంది. నారాయణస్వామి వింటున్నాడు, రేపటికి ఊరంతా తెలుస్తుంది.

అంతలో వెంకటేశులే అన్నాడు. "ఆపి ఆపి పీల్చల్ల, అంతే కదా బావా. గుర్తుండాది."

"ఊ," అన్నాడు బుడన్‌సాబ్. ఒక్క మునకే కదా అనుకున్నాడు. గాలి ఉంటుంది, పీలుస్తాడు, వస్తాడు, జలుబు తగ్గాక తీరిగ్గా అన్నీ నేర్పించవచ్చు అనుకున్నాడు.

మళ్లీ సరిచేసిన తెప్ప మీద బుడన్‌సాబ్ మోకు పట్టుకుని నిలబడ్డాడు. వెంకటేశులు దిగాడు. నీళ్ల మీదికి బుడగలు వచ్చాయి. ఒక గుంపు వచ్చి, చాలాసేపు ఆగి, మళ్లీ ఒక గుంపు. వాడు దమ్ము దాచుకుంటున్నాడని బుడన్‌సాబ్‌కు తెలుస్తూనే ఉంది. సిగ్గులేకుండా ఆ క్షణంలో కాస్త గర్వపడ్డాడు కూడా. పావుగంటకు మోటరుకు కట్టిన రెండో మోకు మూడుసార్లు కదిలింది. పని అయిపోయిందని గుర్తు. నారాయణస్వామి చప్పట్లు కొట్టాడు.

అప్పుడు బుడగలు ఆగిపోయాయి.

ఒకటి కూడా రావడంలేదు. అంటే ఏమిటో ఆ తెప్ప మీద ఒక్కడికే తెలుసు. మూతి బిగించి, అడుగున తన్ని, బాణంలా వస్తున్నాడు. పదిహేనేళ్లు ఇద్దరూ వచ్చిన పద్ధతిలోనే వస్తున్నాడు. బుడన్‌సాబ్ నీళ్ల మీదికి వంగి, "ఊపిరి ఇడువురా, ఇడువు," అన్నాడు. నలభై ఐదు అడుగుల నీళ్ల కింది మనిషితో అన్నాడు.

వెంకటేశులు తల పైకి వచ్చింది. నవ్వుతున్నాడు. గొట్టం నోట్లోంచి తీసి, "కట్టేసినా బావా," అన్నాడు. ఆ తర్వాత దగ్గాడు. రెండో దగ్గుకు నోటెంట ఎర్రటి నురగ వచ్చింది.

హిందూపురం ఆస్పత్రిలో రొమ్ముకు గొట్టం వేసి గాలి తీశారు. అక్కడి నుంచి బెంగుళూరు పంపారు. ఒక ఊపిరితిత్తి పగిలిందన్నారు, రెండోది దెబ్బతిందన్నారు. పన్నెండో రోజు మాట్లాడే స్థితికి వచ్చాడు. పెద్ద డాక్టరు మంచం దగ్గరికొచ్చాడు. ఆయనా తెలుగువాడే. ఒకవైపు పద్మావతి, ఇంకోవైపు బుడన్‌సాబ్ నిలబడి ఉన్నారు.

"పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదని చిన్నపిల్లాడికి కూడా మొదటి పాఠంలోనే చెప్తారు కదయ్యా. నీకెవరూ చెప్పలేదా?"

వెంకటేశులు బుడన్‌సాబ్ వైపు చూడలేదు. డాక్టరునే చూస్తూ అన్నాడు. "చెప్పినాడు సార్. నేనే మరిచిపోయినా."

ఒక్క మాట చాలు అప్పుడు. లేదు సార్, నేను చెప్పలేదు. అంతే, నాలుగే ముక్కలు. బుడన్‌సాబ్ నోరు తెరిచాడు కూడా. ఈలోపు డాక్టరు తల అడ్డంగా ఊపి పక్క మంచానికి పోయాడు. పద్మావతి మొగుడి వైపు తిరిగింది. ఆమె మొహంలో అప్పటిదాకా ఉన్న భయం పోయి కోపం వచ్చింది. బతుకుతాడని నమ్మకం కుదిరినవాళ్లకు వచ్చే కోపం అది.

"అన్న చెప్పినాక కూడా మరిచిపోయినావా? ఎవురి పానం అనుకున్నావు?"

బుడన్‌సాబ్ తెరిచిన నోరు మూసుకున్నాడు. కోలుకున్నాక చెప్దామనుకున్నాడు.

మోటరు పైకొచ్చింది, ఎండబెడితే మళ్లీ తిరిగింది. నారాయణస్వామి పంట కూడా దక్కింది. ఆయన మంచిమనిషే, వెంకటేశులు కోసం ఆస్పత్రికి రెండుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ, ఊళ్లో అడిగినవాళ్లందరికీ కూడా, ఒకటే చెప్పాడు. "అరగంట సేపు చెప్పినాడప్పా సాయిబు. నేను ఆడనే ఉండా. ఆయప్ప ఇనకపోతే ఎవురేం చేస్తారు?" సాక్షి ఉన్న అబద్ధానికి అడ్డేముంది. నెల తిరిగేసరికి అది పెనుకొండలో, ధర్మవరంలో అందరూ ఎరిగిన నిజమైపోయింది.

ఆ తర్వాత వెంకటేశులు మునిగింది లేదు. ఆటో కూడా తోలలేకపోయాడు. మేడమెట్లు నాలుగెక్కితే గోడ పట్టుకునేవాడు. ఏ మగ్గాన్ని కాదని ఇల్లు దాటాడో ఆ మగ్గం పక్కకే వచ్చి చేరాడు. పద్మావతి పట్టుచీరలు నేసేది. ఆయన కింద చాప మీద కూర్చుని రాట్నంతో కండెలకు దారం చుట్టేవాడు. కరోనా కాలంలో పది నెలలు ఆయన్ని గడప దాటనివ్వలేదు ఆమె. కంటికి రెప్పలా చూసుకుంది. చూసుకుంటూనే తిట్టేది. మగ్గం ఆడుతున్నంతసేపూ ఆ తిట్లు కూడా ఆడేవి. దగ్గు వస్తే తిట్టు, మందు చేదంటే తిట్టు, బండి మీద పోయే మగవాళ్లను చూస్తే తిట్టు. అన్నీ వచ్చి చివరికి ఒకే చోట ఆగేవి. అన్న మాట ఇనుంటే.

బుడన్‌సాబ్ ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక రైలెక్కి ధర్మవరం పోయేవాడు. పండ్లు తీసుకుపోయేవాడు, మందులు తీసుకుపోయేవాడు. ఈ శుక్రవారం చెప్పేస్తాననుకుని పోయేవాడు. ఆమె టీ ఇచ్చేది, ఇస్తూనే సాక్ష్యానికి పిలిచేది.

"ఏమన్నా, నువ్వు చెప్పినావు కదా? అరగంట చెప్పినావు కదా?"

"ఊ," అనేవాడు బుడన్‌సాబ్. ఎన్ని శుక్రవారాలు ఆ "ఊ" అన్నాడో దేవుడికే తెలియాలి. మనిషి నోట్లోంచి వచ్చే మాటల్లో అంత చిన్నది లేదు, అంత నీచమైనదీ లేదు. వెంకటేశులు రాట్నం ఆపకుండా చిన్నగా నవ్వేవాడు.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. బుడన్‌సాబ్ నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో, ధర్మవరం చెరువు దగ్గర, నేర్చుకునేవాళ్లలో ఒకతను అడిగాడు. చెప్పినా వినకపోతే ఏమవుతుందని. "మా వెంకటేశులు అని ఒకడుండాడు, వాన్నడుగు," అన్నాడు బుడన్‌సాబ్. అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం, ఊరు చిన్నది. ఆ శుక్రవారం పద్మావతి పాలకు పోయినప్పుడు వెంకటేశులే ఆ సంగతి ఎత్తాడు.

"నా కత చెప్తాండావంట కదా బావా. మంచిదే, నాలుగు పానాలు నిలబడతాయి."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

"ఎంకటేశూ, ఆ పొద్దు నేను," అని మొదలుపెట్టాడు బుడన్‌సాబ్.

"టీ ఆరిపోతాది, తాగు," అన్నాడు వెంకటేశులు. రాట్నం మళ్లీ తిప్పాడు. ఇద్దరి మధ్యా ఆ విషయం అంత దగ్గరికి రావడం అదొక్కసారే.

మొన్న మాఘమాసంలో వెంకటేశులుకు నిమ్ము చేసింది. మామూలు మనిషికైతే వారంరోజుల జబ్బు. ఆయనకు నాలుగో రోజే ఊపిరి అందలేదు. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే పోయాడు. బుడన్‌సాబ్ పాడె మోశాడు. కట్టెల దగ్గర నలుగురు నిలబడి, మంచివాడే పాపం, ఆ ఒక్కరోజు మాట విని ఉంటే అన్నారు. బుడన్‌సాబ్ అక్కడా మాట్లాడలేదు.

కర్మంతరమయ్యాక బుడన్‌సాబ్ నెలరోజులు ధర్మవరం పోలేదు. చివరికి వెళ్లిన రోజు శుక్రవారం కూడా కాదు. పద్మావతి మగ్గం మీద ఉంది. చాప, రాట్నం తీసి గోడకు నిలబెట్టి ఉన్నాయి. ఆయన్ని చూసి లేవబోతే వద్దని సైగ చేసి గడప మీద కూర్చున్నాడు. ఆమె కాసేపు నేసింది. తర్వాత చేతులు ఆపి తనంతట తనే చెప్పింది.

"పొయ్యే దినం పొద్దున కూడా తిడితినన్నా. వేన్నీళ్లు అడిగినాడు. కాంచి ఇస్తానే, అన్న మాట ఇనుంటే నాకీ చాకిరీ ఉంటాండెనా అంటి. అవునే, తప్పంతా నాదే అన్న్యాడు. అదే కడాకరి మాట. మళ్లీ మాట్లాడలే."

చెప్పకుండా లేచి వెళ్లిపోవడం ఆ రోజు కూడా సాధ్యమే. ఆరేళ్లు చేసిన పనే కదా. కానీ ఆమె నోట ఆ మాట విన్నాక బుడన్‌సాబ్ ఇక దాచలేకపోయాడు.

"పద్మావతీ, నేను చెప్పలేదమ్మా."

"ఏంది?"

"ఊపిరి ఆపద్దని నేను వానికి చెప్పలే. ఆ అరగంటలో అన్నీ చెప్పినా, అదొక్కటి చెప్పలే. నాకు తెలిసి కూడా చెప్పలే. ఆపి ఆపి పీల్చమన్నది కూడా నేనే. నా గొప్ప పోతాదని చెప్పలేదమ్మా. వాడు మరిచిపోయింది లేదు, ఏం లేదు."

ఆమె మగ్గం మీద నుంచి పూర్తిగా ఆయన వైపు తిరిగింది.

"ఆయప్పే చెప్పద్దన్న్యాడా నీతో?" అంది.

ఆమె దారి చూపించింది. అవునంటే సగం బరువు చచ్చినవాడి మీదికి పోతుంది, ఈ ఇంటికి రాకపోకలు కూడా మిగులుతాయి. బుడన్‌సాబ్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు. వాడు ఏ పొద్దూ ఏమీ అన్లేదు. నాతో కూడా."

పద్మావతి మగ్గం గుంతలోంచి లేచి వచ్చింది. ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి, లెక్క కుదిరినట్టు నెమ్మదిగా అంది.

"నాకు పుట్టింటి మనిషి లేకుండా పోతాడని గమ్మునున్న్యాడు. నేను తిడతాంటే ఇనుకుంటా గమ్మునున్న్యాడు. నువ్వు ఈడనే, ఈ గడప మీదనే కూసోని టీ తాగితివి."

బుడన్‌సాబ్ క్షమించమని అడగాలని వచ్చాడు. అడిగే హక్కు తనకుందని తోచలేదు.

"నువ్వు నేర్పిచ్చేటోళ్లకు ఆయప్ప కత చెప్తాంటివంట కదా," అంది ఆమె. "పోయి మళ్లా చెప్పు. ఈసారి సరిగ్గా చెప్పు. నారాయణస్వామికి చెప్పు, మీ ఈదిలో చెప్పు, మా ఈదిలో చెప్పు. కట్టెల కాడ మాట్లాడినోళ్లు ఉండారే, ఒగొగరికీ చెప్పు."

"చెప్తానమ్మా."

"చెప్పినానని నాకు చెప్పేదానికి మాత్రం ఈడికి రావద్దు."

బుడన్‌సాబ్ లేచి చెప్పులేసుకున్నాడు. వీధి మొగలో టీ అంగడి దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. అందులో ఇద్దరు పాడె మోసినవాళ్లే. ఆయన్ని చూసి, రా సాబూ, టీ తాగుదువు అని పిలిచారు. ఆయన వాళ్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు.